గార్డ్‌రెయిల్ కర్ర పోస్టును కంప్యూటర్‌లో విరగ్గొట్టడం: ఒక్క పోస్టు నుంచి పూర్తి బారియర్ దాకా

మన హైవేల పక్కన కనిపించే డబ్ల్యూ ఆకారపు రేకు బారియర్‌కు సాధారణంగా ఇనుప పోస్టులే ఉంటాయి. అమెరికాలో మాత్రం ఆ రేకును ఇప్పటికీ చాలాచోట్ల కర్ర పోస్టులే మోస్తున్నాయి. ఎక్కువగా సదరన్ యెల్లో పైన్, పడమటి వైపు డగ్లస్ ఫర్. అక్కడ రోడ్డు భద్రత ల్యాబుల్లో ఎంఎస్ చేసేవారికి ఈ పోస్టు విరగడాన్ని ఎల్‌ఎస్‌-డైనా అనే క్రాష్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసే పని తగులుతుంటుంది. ఇనుముతో మోడలింగ్ నేర్చుకుని వచ్చినవారు ఇక్కడ తికమకపడతారు. ఇనుము వంగుతుంది, లెక్కకు లొంగుతుంది. కర్ర పెళ్లున విరుగుతుంది. పైగా ఒకే లాటులో వచ్చిన రెండు పోస్టులు ఒకేలా విరగవు.

అందుకే మొదటే ఒక మాట అనుకుందాం. ఈ పనిలో టెస్టు కర్వ్ మీద సరిగ్గా కూర్చునే ఒక్క కర్వ్ కోసం వెతకడం దండగ. మీ మోడల్ ఇవ్వాల్సింది ఒక పైహద్దు, ఒక కిందిహద్దు. టెస్టులో విరిగిన పోస్టులు ఆ రెండింటి మధ్య పడాలి. కింద చెప్పే అడుగులన్నీ అందుకోసమే.

1. ముందు కాగితం మీద విరగ్గొట్టండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఒక అరగంట కాగితం, కాలిక్యులేటర్‌తో గడపండి. మామూలు గార్డ్‌రెయిల్ పోస్టు అడ్డకోత 6×8 అంగుళాలు, అంటే 152×203 మి.మీ. పొడవు 1.83 మీటర్లు. 203 మి.మీ. వైపు రోడ్డుకు అడ్డంగా ఉంటుంది, కారు తాకిడికి వంగేది ఆ లోతు మీదే. సెక్షన్ మాడ్యులస్ (అడ్డకోత వంపును ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) 152×203²/6, అంటే దాదాపు 10.4 లక్షల ఘనపు మి.మీ.

ఇప్పుడు బలం. తేమతో తడిసి ఉన్న, ముడులు లేని సదరన్ యెల్లో పైన్‌కు నార వెంట లాగుడు బలం 85 మెగాపాస్కల్స్, నొక్కుడు బలం 21. లాగితే తట్టుకున్నంతలో పావు వంతు కూడా నొక్కితే తట్టుకోదు. పోస్టు వంగినప్పుడు జరిగేదంతా ఈ తేడా వల్లే. రోడ్డు వైపు ముఖం లాగబడుతుంది, వెనక ముఖం నొక్కుకుపోతుంది. వెనక వైపు 21 దగ్గరే నలగడం మొదలుపెట్టి, అదే బలంతో నలుగుతూ పోతుంది. ఆ నలిగిన భాగం పెరిగేకొద్దీ తటస్థ అక్షం (లాగుడూ నొక్కుడూ లేని గీత) రోడ్డు వైపుకు జరుగుతుంది. చివరికి లోతులో మూడో వంతు మాత్రమే లాగుడులో మిగులుతుంది. అక్కడ ఒత్తిడి 85 దాటగానే పోస్టు విరుగుతుంది. ఈ చిత్రాన్ని లెక్క వేస్తే, సాదా బీమ్ సూత్రంలో పెట్టదగ్గ వంపు బలం సుమారు 46 మెగాపాస్కల్స్ వస్తుంది. పచ్చి లాబ్లాలీ పైన్‌కు పుస్తకాలిచ్చే విలువ 50. చాలా దగ్గరగానే ఉంది కదా.

46ను సెక్షన్ మాడ్యులస్‌తో గుణిస్తే 48 కిలోన్యూటన్-మీటర్లు. పోస్టును నేల మట్టం దగ్గర గట్టిగా బిగించి, 632 మి.మీ. ఎత్తులో గుద్దితే, విరిచే బలం దాదాపు 76 కిలోన్యూటన్లు. అదే ముడులున్న మామూలు గ్రేడ్ కర్ర అయితే, లాగుడు బలాన్ని 0.47తో, నొక్కుడు బలాన్ని 0.63తో తగ్గించి మళ్లీ వేయండి. 44 దగ్గర ఆగుతుంది.

అంటే మీ సిమ్యులేషన్ 44కూ 76కూ మధ్య ఎక్కడో పడాలి. వేగం వల్ల బలం కొంచెం పెరుగుతుంది కాబట్టి పైకి కాస్త జరగొచ్చు. రేపు మీ రన్‌లో 200 వస్తే తప్పు కర్రది కాదు, మీ ఇన్‌పుట్ ఫైల్‌ది అని వెంటనే తెలిసిపోతుంది.

2. మెటీరియల్ మోడల్ 143

అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ సరిగ్గా ఈ పోస్టుల కోసమే ఎల్‌ఎస్‌-డైనాలో ఒక కర్ర మోడల్ తయారు చేయించింది. దాని నంబరు 143. మాన్యువల్ 2007లో వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది, తప్పక చదవండి. ఇనుముకు వాడే మోడల్ 24లో కర్ర అంకెలు పెట్టి నెట్టుకొద్దామనుకునేవారు ఉంటారు. అది పనికిరాదు. కారణం కట్టెలు కొట్టిన ఎవరికైనా తెలుసు: దుంగ నిలువునా ఒక్క దెబ్బకు చీలుతుంది, అడ్డంగా ఎంత కొట్టినా తెగదు.

అంకెల్లో చూస్తే ఆ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. నార వెంట ఎలాస్టిక్ మాడ్యులస్ సుమారు 11,350 మెగాపాస్కల్స్, నారకు అడ్డంగా 250 కూడా లేదు. లాగుడు బలం నార వెంట 85, అడ్డంగా 2. మోడల్ 143 ఈ రెండు దిశలనూ వేర్వేరుగా చూస్తుంది. నార తెగితే ఆ ఎలిమెంట్ (పోస్టును కంప్యూటర్‌లో విభజించిన చిన్న ముక్క) బలమంతా పోతుంది. నారల మధ్య చీలిక వస్తే మాత్రం అడ్డు దిశ బలమే పోతుంది, నార వెంట బరువు మోస్తూనే ఉంటుంది. నిజం కర్ర చేసేదీ ఇదే.

పైన్ కార్డు, ఫర్ కార్డు (కార్డు అంటే ఇన్‌పుట్ ఫైల్‌లో ఒక భాగం) విడివిడిగా ఉన్నాయి. అంకెలు మీరు ఎక్కించక్కర్లేదు, తేమ, ఉష్ణోగ్రత, గ్రేడ్ చెబితే చాలు. తేమ ఖాళీగా వదిలేస్తే 30 శాతం, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు తీసుకుంటుంది. భూమిలో పాతిన పోస్టుకు ఇది సబబే, ఎందుకంటే నేల మట్టం దగ్గర, దాని కింద కర్ర చెమ్మగానే ఉంటుంది. ఎండిన కర్ర బలంగా ఉంటుంది కానీ పెళుసు. గడ్డకట్టిన కర్రదీ దాదాపు అదే గుణం.

గ్రేడ్ ఐచ్ఛికంలో 0 పెడితే మామూలు గ్రేడ్, 1 పెడితే మేలైన డీఎస్-65 గ్రేడ్, 2 పెడితే ముడి అన్నదే లేని కర్ర. చాలామంది తెలియక 2 పెట్టి, టెస్టు కన్నా పోస్టు ఎందుకింత గట్టిగా ఉందని తల పట్టుకుంటారు.

యూనిట్లు ఇంకో చిక్కు. కార్డులో యూనిట్ల ఐచ్ఛికం మీ మోడల్ యూనిట్లతో కలవాలి. కిలోగ్రాము, మిల్లీమీటరు, మిల్లీసెకను వాడితే ఒత్తిడి గిగాపాస్కల్స్‌లో, బలం కిలోన్యూటన్లలో, శక్తి జౌల్స్‌లో వస్తుంది, ఆ ఐచ్ఛికం 0. కర్ర సాంద్రత ఈ యూనిట్లలో సుమారు 6.73ఇ-7. వేగ ప్రభావం ఐచ్ఛికాన్ని 1 చేయడం మరవకండి, ఇది ఢీకొట్టే లెక్క మరి.

3. నార దిశ: అందరూ జారిపడే చోటు

ఈ ఒక్క అడుగు మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టండి. మోడల్‌కు నార ఎటు ఉందో మీరే చెప్పాలి. దిశను ఎలా ఇస్తున్నామో చెప్పే ఏఓపీటీ దగ్గర 0 వదిలేస్తే, దిశ ఎలిమెంట్ నోడ్ల (మూలల బిందువుల) వరుసను బట్టి తయారవుతుంది. పోస్టును ఎలిమెంట్లుగా కోసిపెట్టే మెష్ సాఫ్ట్‌వేర్ ఆ వరుసను తన ఇష్టం వచ్చినట్టు పెడుతుంది. దాంతో నార పోస్టుకు అడ్డంగా పడిపోవచ్చు. అప్పుడు మీ దగ్గరున్నది పోస్టు కాదు, అడ్డంగా కోసిన చెక్క ముక్కల దొంతర. చిన్న దెబ్బకే విరుగుతుంది, ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు.

ఏఓపీటీ 2 పెట్టి, ఒక వెక్టర్‌ను పోస్టు పొడవు వెంట, రెండోదాన్ని అడ్డంగా ఇవ్వండి. కంట్రోల్ అక్యురసీ కార్డులో ఐఎన్‌ఎన్‌ను 3 లేదా 4 చేయండి. అది చేయకపోతే ఎలిమెంట్ బాగా వికృతమైనప్పుడు నార దిశ నోడ్ల వరుసను బట్టి పక్కకు తిరిగిపోతుంది.

తర్వాత ఎల్‌ఎస్‌-ప్రీపోస్ట్‌లో మెటీరియల్ అక్షాలను బొమ్మగా చూడండి. బాణాలన్నీ పోస్టు నిలువునా నిలబడాలి. దీనికి తోడు నేను తప్పనిసరి అనుకునే చిన్న పరీక్ష ఒకటుంది: ఒకే ఒక్క ఎలిమెంట్‌తో ఫైల్ రాయండి. దాన్ని పోస్టు పొడవు దిశలో లాగండి, గ్రేడ్ 2 పెట్టి, వేగ ప్రభావం ఆపి. ఒత్తిడి 85 దగ్గర తెగాలి. 2 దగ్గర తెగితే దిశ తప్పింది. పది నిమిషాల పని, వారాల టెన్షన్ తప్పుతుంది.

4. మెష్

ఎనిమిది నోడ్ల ఘన ఎలిమెంట్లు వాడండి. త్రిభుజాలు, టెట్రాలు వద్దు. 12.7 మి.మీ. సైజు పెడితే అడ్డకోతలో 12×16, పొడవులో 144. మొత్తం 27,648 ఎలిమెంట్లు, మామూలు ల్యాప్‌టాప్ మోయగలిగినవే. విరిగే చోట, అంటే నేల మట్టానికి పైనా కిందా ఓ 300 మి.మీ. మేర ఈ సైజు ఉండాలి. మిగతా చోట్ల పొడవు దిశలో పెంచుకోవచ్చు.

టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అంగలో ముందుకు జరిగే కాలం) ఎంతో ముందే లెక్క కట్టుకోండి. కర్రలో నార వెంట శబ్దం వేగం మాడ్యులస్‌ను సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది, సుమారు సెకనుకు 4,100 మీటర్లు. 10 మి.మీ. ఎలిమెంట్‌కు టైమ్ స్టెప్ 2.4 మైక్రోసెకన్ల దగ్గర. 100 మిల్లీసెకన్ల రన్‌కు నలభై వేల పైచిలుకు స్టెప్పులు. దీనికి మాస్ స్కేలింగ్ అక్కర్లేదు. తేలికైన కర్రకు కృత్రిమంగా బరువు తగిలిస్తే మొదటి జడత్వపు బలం పెరిగిపోతుంది, ఫలితం చెడుతుంది.

సైజు మారిస్తే ఫలితం ఎంత మారుతుందో చూడండి. చీలిక శక్తి (చీలిక పాకడానికి ఖర్చయ్యే శక్తి) ఎలిమెంట్ సైజును బట్టి సర్దుబాటయ్యేలా మోడల్ 143ను రాశారు కాబట్టి తేడా మరీ ఎక్కువ ఉండకూడదు. 25, 12, 8 మి.మీ. మెష్‌లు వేసి పీల్చుకున్న శక్తిని పోల్చండి. చివరి రెండూ దగ్గరపడితే చాలు.

5. పోస్టు పాదం, గుద్దే బోగీ

మొదటి రన్‌లో మట్టి జోలికి పోవద్దు. టెస్టు ల్యాబుల్లో పోస్టును కదలని ఉక్కు తొడుగులో దించి బోగీతో గుద్దే పద్ధతి ఉంది, దాన్నే మోడల్ చేయండి. తొడుగును రిజిడ్ (వంగని, నలగని) మెటీరియల్‌గా పెట్టి, పోస్టుకూ దానికీ మధ్య కాంటాక్ట్ ఇవ్వండి. పోస్టు కింది నోడ్లను నేరుగా బిగించేయడం తేలికే, కానీ ఆ పద్ధతిలో నేల మట్టం గీత దగ్గర ఒత్తిడి అసహజంగా పోగుపడి, పోస్టు కత్తితో కోసినట్టు తెగుతుంది. తొడుగు అంచును కొంచెం గుండ్రంగా చేస్తే ఆ బెడద తగ్గుతుంది. టెస్టులో రబ్బరు పొర వేసి ఉంటే మీరూ వేయండి.

బోగీ అంటే చక్రాల మీద నడిచే బరువైన బండి, ముందు ఒక గుద్దే తల. దాన్నీ రిజిడ్‌గానే పెట్టి, ప్రయాణ దిశలో తప్ప కదలకుండా కట్టేయండి. 830 కిలోలు, సెకనుకు 9 మీటర్లు అనుకుంటే గతిశక్తి 33.6 కిలోజౌల్స్. పోస్టు అందులో 5 కిలోజౌల్స్ తినేసిందనుకుందాం, బోగీ వేగం 9 నుంచి 8.3కు తగ్గుతుంది, అంతే. అంటే వేగం తగ్గుదల చూసి అంచనా కట్టబోతే చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. త్వరణం కొలవాలి, దాన్ని బరువుతో గుణించి బలం తీయాలి, ఆ బలం-కదలిక కర్వ్ కింది వైశాల్యం శక్తి అవుతుంది.

కాంటాక్ట్ విషయంలో ఎరోడింగ్ రకమే వాడండి. పై పొర ఎలిమెంట్లు చెరిగిపోయాక లోపలి పొర కొత్త ఉపరితలం అవుతుంది. మామూలు కాంటాక్ట్‌కు ఆ కొత్త ఉపరితలం తెలియదు, బోగీ తల గాల్లోంచి పోయినట్టు పోతుంది. ఎరోషన్ (విరిగిన ఎలిమెంట్లను లెక్కలోంచి తీసేయడం) మాత్రం మెటీరియల్ కార్డుకే వదిలేయండి. నార తెగడం పూర్తయిన ఎలిమెంటును అది తానే తీసేస్తుంది. అడ్డం చీలికకు కూడా తీసేసే ఐచ్ఛికం ఉంది కానీ దాన్ని పెట్టకండి. నారల మధ్య చీలిపోయి కూడా బరువు మోసే కర్రను అది అన్యాయంగా మాయం చేస్తుంది.

6. రన్ అయ్యాక ముందు శక్తి లెక్క, తర్వాతే యానిమేషన్

యానిమేషన్ చూడగానే పోస్టు విరిగితే ఆనందం వేస్తుంది. ఆగండి. అమెరికాలో రోడ్డుపక్క భద్రత సిమ్యులేషన్ల ధ్రువీకరణకు వాడే ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ పద్ధతి మొదట శక్తి లెక్కలే అడుగుతుంది. మొత్తం శక్తి 10 శాతానికి మించి మారకూడదు. చివర్లో హవర్‌గ్లాస్ శక్తి (ఎలిమెంట్లు ఒత్తిడి లేకుండానే వంకర్లు పోయే లెక్క లోపాన్ని అణచడానికి ఖర్చయ్యేది), మొదట్లో ఉన్న మొత్తం శక్తిలో 5 శాతం లోపు ఉండాలి. అదనంగా చేరిన ద్రవ్యరాశి కూడా 5 శాతం లోపే.

ఒక తిరకాసుంది. బోగీ శక్తి 33 కిలోజౌల్స్ అయినప్పుడు 5 శాతం అంటే 1.7 కిలోజౌల్స్. పోస్టు మొత్తం తినేది ఐదే అయితే, నియమం ప్రకారం పాసైనా అందులో మూడో వంతు హవర్‌గ్లాసే కావచ్చు. కాబట్టి మొత్తం మీద కాకుండా పోస్టు పార్టు అంతర్గత శక్తితో పోల్చి చూడండి. అక్కడ 10 శాతం దాటితే హవర్‌గ్లాస్ రకం మార్చండి, లేదా విరిగే ప్రాంతంలో పూర్తి ఇంటిగ్రేషన్ ఎలిమెంట్ పెట్టి తేడా చూడండి.

ఇక బలం కర్వ్. మొట్టమొదటి మొన చూసి అదే కర్ర బలం అనుకోవద్దు. అది ఆగి ఉన్న పోస్టును ఒక్కసారిగా కదిలించడానికి పట్టే జడత్వపు బలం. అసలు విరుపు ఆ తర్వాతి గుట్ట. టెస్టు డేటాకు ఏ ఫిల్టర్ వాడారో, ఉదాహరణకు సీఎఫ్‌సీ 60, మీ కర్వ్‌కూ అదే వాడండి. వేర్వేరు ఫిల్టర్లు వేసి రెండు మొనల్ని పోల్చడం వృథా.

చివరగా విరుపు ఆకారం చూడండి. రోడ్డు వైపు ముఖం మీద తెగడం మొదలై, నార వెంట చీలికలు పైకీ కిందికీ పాకి, వెనక ముఖం నలిగి ఉండాలి. డ్యామేజ్ బొమ్మల్లో నార డ్యామేజ్, అడ్డం డ్యామేజ్ రెండూ తీసి చూడాలి. మొదటిది ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది.

7. హద్దులు గీయడం

ఇప్పుడు అదే ఫైల్‌ను గ్రేడ్ మార్చి మూడుసార్లు, తేమ మార్చి ఇంకో రెండుసార్లు నడపండి. బలం కర్వ్‌లన్నీ ఒకే గ్రాఫ్ మీద, వాటిపై టెస్టు కర్వ్‌లు. టెస్టులు హద్దుల మధ్య పడితే మీ మోడల్ పనికొస్తుంది.

ఒక టెస్టు పోస్టు హద్దు కింద పడిందా? ఫొటో అడగండి. నేల మట్టం దగ్గర రోడ్డు వైపు ముఖంలో పెద్ద ముడి ఉండే అవకాశం ఎక్కువ. అదే ముడి వెనక ముఖంలో ఉంటే అంత నష్టం చేయదు. ఇలాంటి పోస్టును విడిగా చూపించాలంటే, ఆ ముడి చోట కొన్ని ఎలిమెంట్లకు వేరే పార్టు ఇచ్చి గ్రేడ్ తగ్గించండి. ముడి చుట్టూ నార వంకర తిరుగుతుంది కాబట్టి, కావాలంటే నార దిశను కూడా కొన్ని డిగ్రీలు వంచొచ్చు. కానీ ఇదంతా ఆ ఒక్క పోస్టుకు జవాబు చెప్పడానికే. బేస్ మోడల్‌లోకి తీసుకురావద్దు.

టెస్టుకు సరిపోయేదాకా చీలిక శక్తిని మెలితిప్పే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఒక పోస్టుకు సరిపోతుంది, రెండోదానికి తప్పుతుంది. నా ఉద్దేశంలో అది మోడలింగ్ కాదు, కర్వ్ గీయడం.

8. మట్టి, కన్నాల పోస్టు, ఆ తర్వాతే రేకు

తొడుగులో పోస్టు కుదిరాక మట్టిలోకి దించండి. ఇక్కడ కథ మారుతుంది. మెత్తని మట్టిలో పోస్టు విరగదు, తిరుగుతుంది. దిట్టమైన మట్టిలో విరుగుతుంది, అదీ నేల మట్టం దగ్గర కాదు, ఇంకాస్త కింద, వంపు మొమెంట్ గరిష్ఠమయ్యే చోట. గడ్డకట్టిన నేలలోనో పోస్టు చుట్టూ తారు వేసిన చోటో తిరగడానికి వీలుండదు కాబట్టి మళ్లీ నేల మట్టం దగ్గరికే వస్తుంది. మట్టిని ఘన ఎలిమెంట్లతో చేస్తే వాస్తవానికి దగ్గర, స్ప్రింగులతో చేస్తే చవక. ఒక్క పోస్టుకు ఘన మట్టి, మొత్తం బారియర్‌కు స్ప్రింగులు అన్నది నాకు నచ్చిన రాజీ.

సీఆర్‌టీ అనే కన్నాల పోస్టు మంచి పరీక్ష. దాంట్లో 89 మి.మీ. వ్యాసంతో రెండు కన్నాలుంటాయి, ఒకటి నేల మట్టం దగ్గర, రెండోది 406 మి.మీ. కింద. కన్నం రోడ్డు వెంట సాగుతుంది. దీని తెలివి లెక్క వేస్తే కనబడుతుంది. రోడ్డుకు అడ్డం దెబ్బకు కన్నం లోతు మధ్యలో పడుతుంది. అక్కడ ఒత్తిడే తక్కువ, నష్టం 89/203 ఘనం, అంటే 8 శాతం. రోడ్డు వెంట దెబ్బకు మాత్రం వెడల్పులో 44 శాతం పోతుంది. పక్కనుంచి వచ్చే కారును ఆపుతుంది, ఎదురుగా వచ్చి గుద్దితే సులువుగా విరిగి దారి ఇస్తుంది. మీ మోడల్‌ను ఈ రెండు దిశల్లో గుద్ది చూడండి, నిష్పత్తి దగ్గరగా రావాలి. కన్నం చుట్టూ మెష్ సన్నగా, కనీసం ముప్పై ఎలిమెంట్లు చుట్టొచ్చేలా ఉండాలి.

ఆ తర్వాతే పూర్తి బారియర్. మిడ్‌వెస్ట్ గార్డ్‌రెయిల్‌లో రేకు పైఅంచు 787 మి.మీ. ఎత్తులో, పోస్టులు 1,905 మి.మీ.కు ఒకటి. మ్యాష్ అనే అమెరికా క్రాష్ పరీక్ష ప్రమాణంలో మూడో స్థాయి పరీక్షకు 2,270 కిలోల పికప్, గంటకు 100 కి.మీ., 25 డిగ్రీల కోణం. అడ్డం దిశలో దాని శక్తి 156 కిలోజౌల్స్. ఒక పోస్టు విరిగితే తినేది దాంట్లో చిన్న ముక్క. కానీ అది ఎప్పుడు విరుగుతుందన్నదే ముఖ్యం. తొందరగా విరిగితే రేకు మీద లాగుడు పెరుగుతుంది. ఆలస్యంగా విరిగితే చక్రం పోస్టుకు తగులుకుంటుంది.

ఇక్కడ పోస్టులన్నిటికీ సన్నని మెష్ అక్కర్లేదు. వాహనం తాకే చోట ఎనిమిదో పదో పోస్టులకు పూర్తి మోడల్ 143, మిగతావాటికి ముతక మెష్ చాలు. వాహనం మోడల్ మీరు తయారు చేయనక్కర్లేదు, 2007 షెవర్లే సిల్వరాడో లాంటివి ప్రజలకు ఉచితంగా విడుదల చేశారు.

టెస్టుతో పోల్చేటప్పుడు ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ పద్ధతి స్ప్రేగ్-గియర్స్ కొలతల్లో (రెండు కర్వ్‌ల తేడాను అంకెల్లో చెప్పేవి) పరిమాణం, ఫేజ్ రెండూ 40 లోపు, సగటు తేడా 5 శాతం లోపు, దాని చెదురు 35 శాతం లోపు ఉండాలంటుంది. పూర్తి బారియర్ రన్‌ను కనీసం రెండుసార్లు చేయండి, ఒకటి అన్ని పోస్టులూ మేలైన గ్రేడ్‌తో, ఒకటి మామూలు గ్రేడ్‌తో. రిపోర్టులో రెండూ పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ పికప్ నిలదొక్కుకుని తిరిగి రోడ్డు మీదికి వస్తే గైడుకు చూపించండి. ఒకదాంట్లో బోల్తా పడితే, ఏ పోస్టు ఏ మిల్లీసెకను దగ్గర విరిగిందో పట్టిక వేసి, ముందుగా తేడా వచ్చిన పోస్టు దగ్గర ఏడో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.